రైల్వే మోసం మీద విక్టోరియా కాలపు డిటెక్టివ్ నవల రాయాలంటే: ముందు దొంగలెక్క, తర్వాతే శవం

ఇలాంటి నవల మొదటిసారి మొదలుపెట్టినప్పుడు నేనూ అందరూ చేసే పనే చేశాను. పొగమంచు, గ్యాసు దీపాలు, ఫస్ట్ క్లాస్ పెట్టెలో శవం. మూడు అధ్యాయాలు పరుగెత్తాయి. ఆరో అధ్యాయంలో డిటెక్టివ్ రైల్వే కంపెనీ ఆఫీసుకెళ్లి "పుస్తకాలు తెరవండి" అన్నాడు. తెరిస్తే వాటిలో ఏముందో నాకే తెలీదు. విలన్ డబ్బు కొట్టేశాడని రాసేశాను గానీ ఎలా కొట్టేశాడో ఆలోచించలేదు. సీరియల్‌గా వేద్దామనుకున్న ఎడిటర్ ఫోన్ చేసి "ఇంతకీ డబ్బెలా పోయింది సార్?" అంటే నీళ్లు నమిలాను.

ఆ నవల అక్కడే ఆగిపోయింది. ఆ దెబ్బతో నేర్చుకున్న వరసే ఇది. ఇందులో శవం నాలుగో అడుగు దాకా రాదు.

అడుగు 1: ఏడాది ఖాయం చేసుకోండి

విక్టోరియా రాణి 1837 నుంచి 1901 దాకా ఏలింది. "విక్టోరియా కాలం" అని ఊరుకుంటే 64 ఏళ్లు కలగాపులగం అయిపోతాయి. ఏడాది చెప్పండి, దానితోపాటు పోలీసులూ చట్టాలూ రైలుపెట్టెలూ అన్నీ ఖాయమవుతాయి.

1845-46 అంటే జనం రైల్వే షేర్ల కోసం ఎగబడిన రోజులు, రైల్వే పిచ్చి ముదిరిన రోజులు. ఒక్క 1846లోనే బ్రిటిష్ పార్లమెంటు కొత్త లైన్ల కోసం 260కి పైగా చట్టాలు చేసింది. అందులో చాలా లైన్లు కాగితం దాటి నేల మీదికి రానేలేదు. బుడగ పేలాక 1849లో పెద్దమనుషుల బండారం బయటపడింది. 1864లో బ్రిటన్‌లో మొదటి రైలు హత్య జరిగింది. 1877లో లండన్ పోలీసు కేంద్రమైన స్కాట్లండ్ యార్డ్ డిటెక్టివ్‌లే లంచాల కేసులో బోనెక్కారు, మరుసటి ఏడాది సీఐడీ పుట్టింది.

నన్నడిగితే 1856. పిచ్చి రోజుల్లో చేసిన పాపాలకు అప్పటికి పదేళ్లు. చేసినవాళ్లు పెద్దమనుషులైపోయి ఉంటారు, చూసినవాళ్లు ఇంకా బతికే ఉంటారు. పైగా నిజంగా ఆ ఏడాదే ఒక రైల్వే ఆఫీసులో బాంబు పేలినంత పనయింది. ఇక్కడి నుంచి ఉదాహరణలన్నీ 1856 లెక్కనే చెబుతాను.

అడుగు 2: మోసాన్ని పద్దులతో సహా రాయండి

నవల రాసే నోట్‌బుక్ పక్కన పెట్టి ఒక లెక్కల పుస్తకం కొనుక్కోండి. నేను వెటకారమాడటం లేదు. చిట్టా, ఆవర్జా మీ చేత్తో రాస్తేనే మీ డిటెక్టివ్ కంటికి ఏం పడుతుందో మీకు తెలుస్తుంది.

అసలు మనుషులు ఎలా చేశారో ముందు చూద్దాం. జార్జ్ హడ్సన్ యార్క్‌లో బట్టల కొట్టు నడిపినవాడు. 1827లో దూరపు బంధువు ఆస్తి 30,000 పౌండ్లు కలిసొచ్చింది. అక్కడి నుంచి రైల్వేల్లోకి దిగి "రైల్వే రాజు" అనిపించుకున్నాడు, యార్క్‌కు మూడుసార్లు లార్డ్ మేయర్, సండర్లాండ్ నుంచి ఎంపీ. ఆయన చేసిన వాటిలో మనకు పనికొచ్చేవి రెండు. ఒకటి, లాభం రాకపోయినా షేర్‌హోల్డర్లకు మూలధనంలోంచే డివిడెండ్ (లాభంలో వాటా) పంచడం. అంటే మీ జేబులోంచి తీసి మీకే బహుమతి ఇవ్వడం. రెండోది, తన చేతిలోని వేరే రైల్వే షేర్లను తాను ఛైర్మన్‌గా ఉన్న కంపెనీకే మార్కెట్ ధర కన్నా ఎక్కువకు అంటగట్టడం. 1849 ఫిబ్రవరి మీటింగ్‌లో ఒక షేర్‌హోల్డర్ లేచి ఆ ధర గురించి అడిగాడు. కోట కూలడానికి ఆ ఒక్క ప్రశ్న చాలింది.

హడ్సన్ మోసం పెద్దదే గానీ నవలకు కాస్త బరువు. ఇందులో బోర్డులు, కమిటీలు, ఆడిట్‌లు. డిటెక్టివ్ కథకు లియోపోల్డ్ రెడ్‌పాత్ పద్ధతి బాగా నప్పుతుంది. ఈయన గ్రేట్ నార్తర్న్ రైల్వేలో షేర్ల రిజిస్ట్రార్, అంటే ఏ షేరు ఎవరిదో పుస్తకంలో రాసే అధికారి. జీతం ఏడాదికి కొన్ని వందల పౌండ్లు, ఇల్లేమో లండన్‌లో రీజెంట్స్ పార్క్ పక్కన. దానధర్మాల్లో పెద్ద పేరు. 1856లో పట్టుబడేసరికి 2 లక్షల పౌండ్లకు పైనే తినేశాడు. 1857 జనవరిలో ఓల్డ్ బెయిలీ కోర్టు యావజ్జీవ ద్వీపాంతరవాసం వేసింది.

ఎలా తిన్నాడు? పుస్తకంలో అంకె ముందు అంకె తగిలించి. లేని మనుషుల పేర్ల మీద స్టాక్ (కంపెనీలో వాటా) పుట్టించి. దీన్ని మన నవల సైజుకు కుదిద్దాం.

మీ కల్పిత కంపెనీ అసలు స్టాక్ 1,00,000 పౌండ్లు అనుకోండి. ఏడాదికి 5 శాతం డివిడెండ్, ఆరు నెలలకోసారి సగం పంచుతారు. అంటే అర్ధ సంవత్సరానికి 2,500 పౌండ్లు పోవాలి. రిజిస్ట్రార్ ఆరు పద్దుల్లో 250 అని ఉన్నచోట ముందు 1 గీశాడు. ఒక్కో పద్దూ 1,250 అయింది. ఆరు పద్దులకు 6,000 పౌండ్ల స్టాక్ గాల్లోంచి పుట్టింది. దాన్ని మార్కెట్లో అమ్మేశాడు, కొన్నవాళ్లు నిజమైన మనుషులు, నిజమైన డబ్బిచ్చారు. ఇప్పుడు చిక్కు మొదలు. ఆ కొన్నవాళ్లకు కూడా డివిడెండ్ ఇవ్వాలిగా. ఆరు నెలలకు 2,500 పోవాల్సిన చోట 2,650 పోతోంది.

ఆ 150 పౌండ్లే మీ నవల. అది ఎవరి కంట పడింది? ఎప్పుడు పడింది? పడ్డాక ఎవరికి చెప్పాడు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే సగం పాత్రలు వాటంతటవే పుడతాయి. రెడ్‌పాత్ కేసులో కూడా అనుమానం ఇక్కడే మొదలైంది: పంచిన డివిడెండ్ పంచాల్సిన దానికన్నా ఎక్కువ తేలింది.

పరిభాషలో ఒక్క మాట జాగ్రత్త. కొత్త రైల్వే షేరు కొనేటప్పుడు మొదట కొంత డిపాజిట్ కట్టేవారు, మిగతాది కంపెనీ అడిగినప్పుడల్లా కట్టాలి. ఆ అడగడాన్ని "కాల్" అనేవారు. మన నవలలో "కాల్ డబ్బు" అని రాస్తే పాఠకుడికి బెజవాడ వడ్డీ వ్యాపారం గుర్తొస్తుంది. "వాయిదా సొమ్ము" అని రాసుకుంటే గొడవ ఉండదు.

అడుగు 3: మరుగున పడ్డ గతాన్ని అదే పుస్తకంలో కట్టేయండి

చాలా రాతప్రతుల్లో నాకు కనబడే లోపం ఇది. మోసం ఒకవైపు నడుస్తుంటుంది, "ఇరవై ఏళ్ల కిందటి రహస్యం" ఇంకోవైపు నడుస్తుంటుంది, చివరి అధ్యాయంలో రెండింటినీ బలవంతంగా ముడేస్తారు. ఆ ముడి మొదటి రోజు నుంచే ఉండాలి.

ముడి ఎక్కడ దొరుకుతుందంటే, దొంగ స్టాక్‌కు పేర్లు కావాలి. బతికున్నవాడి పేరు వాడితే వాడికి ఏదో ఒక ఉత్తరం అందుతుంది. పూర్తిగా కల్పించిన పేరు రాస్తే ఎవరైనా ఆరా తీసిన రోజు అడ్రసు దొరకదు. అన్నిటికన్నా భద్రమైనది నిజంగా పుట్టి, ఇక తిరిగిరాడని మోసగాడికి మాత్రమే తెలిసినవాడి పేరు. అది ఆయనకెలా తెలుసు? తన పాత జీవితంలోంచి తెలుసు. అదిగో గతం.

ఇందుకు ఆ కాలమే బ్రహ్మాండమైన సరుకు అందిస్తుంది. రైల్వే పిచ్చి రోజుల్లో లైను కోసం పార్లమెంటుకు వెళ్లే కంపెనీలు "మేం ఇన్ని షేర్లు తీసుకుంటాం" అని జనం సంతకాలతో ఒప్పందం చూపించాలి. కొన్ని షిల్లింగులు చేతిలో పెడితే చిల్లిగవ్వ లేనివాళ్లు కూడా వేల పౌండ్లకు సంతకం పెట్టేవారు. ఆ సంతకందారుల జాబితాలను పేరు, ఊరు, మొత్తంతో సహా పార్లమెంటే అచ్చు వేయించింది. ఒకసారి అచ్చయ్యాక దాన్ని ఎవరూ చెరపలేరు.

ఇప్పుడు చూడండి. 1842లో ఒక పల్లెటూరి కుర్రాడికి దొంగతనం కేసులో 14 ఏళ్ల ద్వీపాంతరం పడింది, వాన్ డీమెన్స్ ల్యాండ్‌కు (ఆస్ట్రేలియాలో ఇప్పటి టాస్మేనియా) ఓడెక్కించారు. ఆ దొంగతనం నిజంగా చేసింది వాడి స్నేహితుడు. స్నేహితుడు లండన్ చేరాడు, ప్లీడరు దగ్గర గుమాస్తా అయ్యాడు, 1845లో సంతకాలు తక్కువైతే ఓడెక్కినవాడి పేరు మీద తానే సంతకం పెట్టాడు. పదేళ్లలో రైల్వే కంపెనీ రిజిస్ట్రార్ అయ్యాడు, అదే పేరును మళ్లీ వాడుకుంటున్నాడు. 1842కు 14 కలపండి. 1856లో ఆ కుర్రాడు, ఇప్పుడు నడివయసు మనిషి, శిక్ష ముగించుకుని తిరిగొస్తాడు. తన ఊళ్లో ఎవరో అడుగుతారు: "నువ్వు రైల్వేలో షేర్లున్న పెద్దమనిషివటగా?"

1845 అచ్చు జాబితాలో లండన్‌లో సంతకం. 1845 ఖైదీల రిజిస్టరులో వాన్ డీమెన్స్ ల్యాండ్‌లో హాజరు. ఒకే మనిషి ఒకే ఏడాది భూగోళానికి రెండు కొసల్లో. డిటెక్టివ్ ఇంకేం తేల్చక్కర్లేదు, ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే చాలు.

ఇదేదో మరీ సినిమాలా ఉందనిపిస్తే జాన్ టావెల్ సంగతి వినండి. 1814లో దొంగనోట్ల కేసులో ఆస్ట్రేలియాకు పంపితే సిడ్నీలో మందుల షాపు పెట్టి బాగా గడించి, ఇంగ్లండ్ తిరిగొచ్చి క్వేకర్ (నిరాడంబరంగా బతికే ఒక క్రైస్తవ శాఖ) వేషంలో గౌరవంగా బతికాడు. 1845 జనవరిలో స్లౌ దగ్గర ఒక స్త్రీకి విషమిచ్చి లండన్ రైలెక్కాడు. స్లౌ నుంచి ప్యాడింగ్టన్‌కు టెలిగ్రాఫ్ వార్త వాడి కన్నా ముందు చేరింది. ఆ యంత్రంలో "క్యూ" అక్షరం లేకపోవడంతో "క్వేకర్" అనే మాటను "కె" పెట్టి కొట్టారట, అందుకునే గుమాస్తాకు మొదట అర్థం కాలేదు. నేనే కల్పించి రాసి ఉంటే ఎడిటర్ కొట్టేసేవాడు.

పేరు మార్చుకోవడం అప్పట్లో ఎంత తేలికో కూడా గుర్తుంచుకోండి. ఇంగ్లండ్‌లో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1837 జులైలో మొదలైంది. 1856లో నలభై ఏళ్ల మనిషి గురించి తెలుసుకోవాలంటే అతను పుట్టిన పేటలో చర్చి రిజిస్టరు తప్ప దిక్కులేదు. మీ డిటెక్టివ్‌ను తప్పకుండా ఒక పల్లె చర్చికి పంపండి. ఫాదర్ టీ ఇస్తాడు, ఎలుకలు కొట్టిన రిజిస్టరు ఇస్తాడు, అడగని సంగతులు కూడా చెబుతాడు.

గతం మరుగున పడడం మనుషులకే కాదు. హడ్సన్ పడిపోయాక యార్క్‌లో ఆయన పేరున్న వీధికి "రైల్వే స్ట్రీట్" అని పేరు మార్చేశారు. 1971లో మళ్లీ ఆయన పేరే పెట్టారు. ఇలాంటిది మీ నవల తొలి పేజీలో ఊరికే, వివరణ లేకుండా పడేయండి.

అడుగు 4: శవం

ఇప్పుడు చంపొచ్చు. ఎవరిని? ఆ 150 పౌండ్లు కనిపెట్టిన కుర్ర గుమాస్తాను. తిరిగొచ్చిన ఖైదీని చంపకండి, అతను అనుమానితుడిగా మీకు కావాలి. శిక్ష ముగించుకొచ్చినవాడి మీద ఊరంతా వేలెత్తి చూపుతుంది, ఆ టెన్షన్ మిమ్మల్ని పది అధ్యాయాలు నడిపిస్తుంది.

అడుగు 5: రైలుపెట్టె లోపల ఎలా ఉంటుందో చూసి రాయండి

మన రైళ్లకు అలవాటుపడ్డ కళ్లతో రాస్తే ఇక్కడ కాలు జారుతుంది. 1856 నాటి ఇంగ్లిష్ పెట్టెలో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దారి లేదు. ప్రతి గదికీ రెండు పక్కలా బయటికి తలుపులు, అంతే. రైలు కదిలిందంటే తర్వాతి స్టేషన్ దాకా ఆ గదిలో ఉన్నవాళ్లు ఆ గదిలోనే. టీటీఈ నడుచుకుంటూ రాడు, సమోసాలూ రావు. చైన్ లాగుదామంటే చైనే లేదు. ప్రయాణికులు గార్డును పిలవడానికి ఏర్పాటు ఉండాలని చట్టం వచ్చింది 1868లో. దానికి కారణాల్లో ఒకటి 1864లో నార్త్ లండన్ రైల్వేలో థామస్ బ్రిగ్స్ అనే బ్యాంకు ఉద్యోగి హత్య. హంతకుడు ఫ్రాంజ్ ముల్లర్ తెరచాప ఓడలో అమెరికా పారిపోతే, ఇన్‌స్పెక్టర్ ట్యానర్ ఆవిరి ఓడెక్కి అతనికన్నా ముందే న్యూయార్క్ చేరి రేవులో కాచుకున్నాడు.

టికెట్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే డిటెక్టివ్ కథకు ఇంతకన్నా మంచి వస్తువు లేదు. థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషన్ మాస్టర్ 1830ల చివర్లో కనిపెట్టిన చిన్న అట్టముక్క. బొటనవేలంత పొడవు. ముందే అచ్చేసిన వరుస నంబరు ఉంటుంది, అమ్మేటప్పుడు మిషన్‌లో దూర్చితే తేదీ పడుతుంది. సాయంత్రం గుమాస్తా ఏ నంబరు దాకా అమ్మాడో చూసి గల్లాపెట్టెలో డబ్బుతో సరిచూసేవారు. కొన్నేళ్ల క్రితం దాకా మన స్టేషన్లలో ఇచ్చిన అట్ట టికెట్ ఇదే, పాతతరం వాళ్ల చేతివేళ్లకు దాని గరుకు ఇంకా గుర్తుంటుంది. శవం కోటు జేబులో 417 నంబరు టికెట్ ఉంది. 418 ఎవరు కొన్నారు? ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కౌంటర్ దగ్గర నిలబడి ఉండొచ్చన్నమాట. నంబరు పక్క నంబరు, అంతే, డిటెక్టివ్‌కు ఒక దారం దొరికినట్టే.

సమయం సంగతి ఇంకో గని. ఒకప్పుడు ఊరూరికీ సూర్యుణ్ని బట్టి వేరే గడియారం. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1840లోనే లండన్ సమయం పాటించడం మొదలుపెట్టింది, మిగతా కంపెనీలు చాలావరకు 1840ల చివరికి దారికొచ్చాయి. చట్టం చేసింది మాత్రం 1880లో. ఈ మధ్య నలభై ఏళ్లలో ఇంగ్లండ్ పడమటి ఊళ్లలో టౌను గడియారం ఒకటి చెబితే స్టేషన్ గడియారం ఒకటి చెప్పిన చోట్లున్నాయి. హంతకుడి అలిబి (హత్యవేళ వేరేచోట ఉన్నానన్న రుజువు) ఆ పది నిమిషాల తేడాలో దాచొచ్చు. ఒక్కసారే వాడండి, రెండోసారి పాఠకుడు విసుక్కుంటాడు.

అడుగు 6: డిటెక్టివ్‌కు ఏముందో, ఏం లేదో

లండన్ మెట్రోపాలిటన్ పోలీసులో డిటెక్టివ్ శాఖ 1842లో ఎనిమిది మందితో పుట్టింది: ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ఆరుగురు సార్జెంట్లు. వీళ్లు ఎక్కువగా కష్టజీవుల ఇళ్లలోంచి వచ్చినవాళ్లు. రీజెంట్స్ పార్క్ బంగళాలోకి ముందు గుమ్మం నుంచి రానిస్తారా, వెనక నౌకర్ల గుమ్మానికి పంపుతారా అన్నది ప్రతి సీన్‌లో నిజమైన ప్రశ్న. లండన్ నడిబొడ్డున ఉన్న సిటీ ఆఫ్ లండన్‌కు వేరే పోలీసు ఉంది, రైల్వే కంపెనీలకు సొంత పోలీసులున్నారు. హద్దుల గొడవలు బోలెడు. కంపెనీ డైరెక్టర్లకు దొంగ దొరకడం కన్నా షేరు ధర పడకపోవడం ముఖ్యం, కాబట్టి వాళ్ల సహకారం మీద ఆశ పెట్టుకోవద్దు.

వేలిముద్రలు వద్దు. నా రెండో ప్రయత్నంలో 1856లో వేలిముద్ర తీయించాను, ఒక పాఠకుడు ఉతికి ఆరేశాడు. స్కాట్లండ్ యార్డ్‌లో వేలిముద్రల విభాగం 1901లో వచ్చింది. దానికి దారి చూపిన పని 1897 నాటికి కలకత్తాలో, అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయుల చేతుల మీదుగా జరిగింది. నిందితుడు బోనులో ప్రమాణం చేసి తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకోవడం కూడా సాధారణంగా 1898 చట్టం తర్వాతే. అంటే మీ ఖైదీ నోరు కోర్టులో దాదాపు కట్టేసినట్టే. కథకు ఇది వరం.

వేలిముద్ర పోయినా కాగితం ఉంది. ఆనాటి ఇంగ్లిష్ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుంటే చాలాసార్లు తయారైన ఏడాది నీటిగుర్తులో కనిపిస్తుంది. 1845 తేదీ వేసిన షేర్ల బదిలీ పత్రంలో 1851 నీటిగుర్తు ఉంటే? సిరా ఇంకా మంచిది. అప్పటి సిరా రాసినప్పుడు లేతగా ఉండి గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. 250 నలుపెక్కి, ముందున్న 1 ఇంకా లేతగా ఉంటే కుర్ర గుమాస్తా చెయ్యి పేజీ మీద ఆగిపోతుంది. ఆ సీన్‌లో డైలాగు పెట్టకండి.

బరువు కూడా నోరిప్పుతుంది. 1855 మే 15 రాత్రి లండన్ నుంచి ఫోక్‌స్టన్ వెళ్లే రైల్లో పారిస్‌కు పంపుతున్న బంగారం మాయమైంది. పెట్టెలు మాత్రం భద్రంగా చేరాయి, లోపల సీసపు గుళ్లు. ఫ్రాన్స్‌లో బూలోన్ రేవు దగ్గర తూచిన లెక్క, పారిస్‌లో తూచిన లెక్క సరిపోయాయి, లండన్ లెక్కతో సరిపోలేదు. కాబట్టి దొంగతనం బూలోన్‌కు ముందే జరిగిందని తేలింది. ముఠా దొరికింది మాత్రం తక్కెడ వల్ల కాదు. వేరే కేసులో శిక్షపడ్డ ఏగర్ అనేవాడు తన ఆడమనిషికి ఇమ్మని డబ్బు అప్పగిస్తే భాగస్తుడు పియర్స్ ఎగ్గొట్టాడు. ఆమె నోరు విప్పింది, తర్వాత ఏగర్ కూడా విప్పాడు.

అడుగు 7: వాళ్లు తెలుగులో ఎలా మాట్లాడతారు?

లండన్ నౌకరు "చిత్తం దొరా" అంటే పాఠకుడికి జమీందారు సినిమా గుర్తొస్తుంది. "అవును సర్", "అమ్మగారూ" చాలు. డిటెక్టివ్ గుమాస్తాను మీరు అనాలి, రిజిస్ట్రార్ డిటెక్టివ్‌ను మొదట మీరు అని, కోపం రాగానే నువ్వులోకి దిగాలి. ఇంగ్లిష్‌లో లేని ఈ సౌకర్యం మనకుంది, వాడుకోండి. "నా ప్రియమైన మిత్రమా" లాంటివి తీసి అవతల పారేయండి.

డబ్బుకు: పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. రూపాయి-అణా-దమ్మిడీ లెక్కలు విన్న ఇళ్లలో ఇది చప్పున ఎక్కుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఒక జీతంతో కలిపి చెప్పండి, తర్వాత ఊసెత్తొద్దు.

అడుగు 8: మన గడ్డను తేవాలా?

నిజమైన ముడి ఉంటేనే. ఉంది కూడా. 1849 ఒప్పందాల నుంచి భారతీయ రైల్వేల్లో డబ్బు పెట్టిన లండన్ వాళ్లకు 5 శాతం రాబడికి ప్రభుత్వ హామీ ఉండేది, లోటు పడితే మన ఖజానాలోంచి పూడ్చేవారు. 1856లో మద్రాస్ రైల్వే రాయపురం నుంచి మొదలైంది. మీ రిజిస్ట్రార్ కొట్టేసిన సొమ్మును భద్రంగా పెట్టుకోవాలనుకుంటే ఇంతకన్నా చోటు ఏముంది?

కథను 1880లకు జరిపితే హైదరాబాదే నేరుగా రంగంలోకి వస్తుంది. 1883లో చందా (ఇప్పటి చంద్రపూర్) రైల్వే పథకాన్ని ప్రశ్నించినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయను నగరం నుంచి పంపేశారు. నిజాం తరఫున లండన్‌లో రైల్వే బేరం నడిపిన అబ్దుల్ హక్ తర్వాత దక్కన్ మైనింగ్ కంపెనీ షేర్ల వ్యవహారంలో ఇరుక్కుంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది ఆ కంపెనీ చేతుల్లోనే. అది వేరే నవల, ఇందులో ఇరికించకండి. రాసేవాళ్లెవరైనా ఉంటే నాకంటే ముందే రాసేయండి.

అడుగు 9: చివరి సీన్ ఎక్కడ

చీకటి సందులో కాదు, షేర్‌హోల్డర్ల అర్ధ సంవత్సర మీటింగ్‌లో. ఇవి ఫిబ్రవరి, ఆగస్టుల్లో జరిగేవి కాబట్టి మీ కథకు గడువు కూడా దొరుకుతుంది. హాలు నిండా రిటైరైన సైనికాధికారులు, ప్లీడర్లు, ఉన్నదంతా రైల్వేలో పెట్టిన విధవరాళ్లు. ఛైర్మన్ డివిడెండ్ ప్రకటించబోతాడు. వెనక వరసలోంచి ఎండకు కమిలిన ముఖంతో ఒక మనిషి లేచి తన పేరు చెబుతాడు. వేదిక మీద రిజిస్ట్రార్ చేతిలో కలం ఉంటుంది. అక్కడ అరుపులు వద్దు, ఆ కలం ఏమైందో రాయండి.

రాతప్రతి పంపేముందు ఆఖరిగా వారాలు సరిచూసుకోండి. బంగారం పోయిన 1855 మే 15 మంగళవారం. కొత్త లైన్ల ప్లాన్లు దాఖలు చేయడానికి లండన్‌లో ఆఖరి గడువైన 1845 నవంబర్ 30 ఆదివారం, ఆ రోజు గుమాస్తాలు ప్లాన్ల చుట్టలు చంకన పెట్టుకుని అర్ధరాత్రి దాకా ఆఫీసు గుమ్మం దగ్గర తోసుకున్నారు. నేనొకసారి ఒక ఆదివారం నాడు లండన్ బ్యాంకు తెరిపించాను.